వరుణుడు చెప్పని మాట

తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లిని ప్రాతఃకాలమున చెప్పుకొనుట నాకు చిరకాలాభ్యాసము. తెలుగుదేశమునందలి వైదిక కుటుంబములలో అధికసంఖ్యాకులు కృష్ణయజుర్వేదములోని తైత్తిరీయశాఖకు చెందినవారగుటచేత, ఈ వల్లి మన యిండ్లలో, దేవాలయములలో, వేదసభలలో ఎంత తరచుగా వినబడుచుండునో పాఠకులెరుగుదురు. అర్థము తెలియనివారికి సైతము దాని నడక తెలియును, ఒకే వాక్యము మరల మరల వచ్చుట తెలియును, కడపట సాగదీసి పాడెడి సామము తెలియును. హిందూదర్శనములలో వ్యక్తికి తత్త్వవిచారమునందు గల స్వేచ్ఛ యెట్టిదని ఎవరైన అడిగినచో, దూరపు గ్రంథములను వెదకనక్కరలేకుండ, మన నోళ్లలో నానుచున్న ఈ పది అనువాకములే సమాధానము చెప్పగలవని నా విశ్వాసము. ఈ వారము ఆ విశ్వాసమునకు కారణములు వ్రాయుచున్నాను.

సంత చెప్పుకొన్న అనుభవము గలవారికి వేదాధ్యయనములోని కట్టుదిట్టము తెలియనిది కాదు. గురువు ఒకమారు చెప్పును, శిష్యుడు రెండుమారులు చెప్పును. ఉదాత్తానుదాత్తస్వరితములలో ఒక్కటి జారినను, దీర్ఘము హ్రస్వమైనను, ఊపిరి చాలక నిలువరాని తావున నిలిచినను, గురువు చేయెత్తి ఆపి మొదటినుండి చెప్పించును. ఆపైని వల్లె వేయుట. సంహితలో 44, బ్రాహ్మణములో 28, ఆరణ్యకములో 10, వెరసి 82 పన్నములు నోటికి వచ్చునప్పటికి ఏండ్లు గడచిపోవును. ఇందులో శిష్యుని యిష్టమునకు అణుమాత్రమును చోటు లేదు. ఉండకూడదు కూడ, ఏలయన అట్టి చోటు ఒక్కతరమువారు పుచ్చుకొనియున్నను ఈ శబ్దరాశి మనవరకు చేరియుండెడిది కాదు. ఇంత నిర్బంధముతో రక్షింపబడిన ఆరణ్యకమునందే భృగువల్లి యున్నది. అది చెప్పు కథలో మాత్రము, ఏమి తెలిసికొనవలెనో శిష్యునికి ఎవ్వరును నిర్బంధించి చెప్పరు. ఈ రెండింటి సాంగత్యమును గ్రహించుటకు నాకు చాలకాలము పట్టినది.

వరుణుని కుమారుడైన భృగువు తండ్రిని సమీపించి బ్రహ్మమును ఉపదేశింపుమని కోరినాడు. తండ్రి తెలిసినవాడు, కుమారుడు శ్రద్ధాళువు. ఒక్కమాటలో చెప్పి పంపివేయుటకు అడ్డమేమియు లేదు. అయినను వరుణుడు ఆ పని చేయలేదు. అన్నము, ప్రాణము, కన్ను, చెవి, మనస్సు, వాక్కు అని కొన్ని ద్వారములను మాత్రము పేర్కొని, భూతములయొక్క జన్మకును, జీవనమునకును, లయమునకును ఏది ఆధారమో దానిని తెలిసికొనగోరుమని గురుతు చెప్పి ఊరకుండెను. లక్షణమును చెప్పినాడు గాని లక్ష్యమును చేతికి ఈయలేదు. భృగువు పోయి తపస్సు చేసినాడు. అన్నమే బ్రహ్మమని తెలిసికొన్నాడు.

ఇచ్చట ఉపనిషత్తు తొందరపడక చేయు పని యొకటి కలదు. అన్నమే బ్రహ్మమని భృగువు తేల్చుకొన్నాడని చెప్పి అది ముందునకు సాగిపోదు. తండ్రి చెప్పిన లక్షణమును మూడు అంగములతోను మరల చెప్పి, భూతములు అన్నమువలన పుట్టుచున్నవి, అన్నముచేత బ్రతుకుచున్నవి, తుదకు అన్నముగనే పరిణమించుచున్నవి అని ఒక్కొక్కదానికి పొంతన కుదిర్చి చూపును. కనుక భృగువు తెచ్చిన సమాధానము బాలిశమైనది కాదు. పరీక్షకు నిలిచిన సమాధానమది. అయినను అతడు తృప్తిపడలేదు. మరల తండ్రియొద్దకు వచ్చి, బ్రహ్మమును ఉపదేశింపుమని మొదటి మాటనే మరల అడిగినాడు. ఎందుకు తృప్తిపడలేదో మూలములో లేదు. అన్నమునకును పుట్టుక కనబడుచున్నది గావున అతనికి సంశయము కలిగెనని శంకరభగవత్పాదులు భాష్యములో పూరించినారు, సమంజసమైన పూరణమే. మూలము మాత్రము ఆ కారణమును చెప్పక విడిచినది; సంశయము వెలుపలినుండి ఎవరో కలిగించినది కాక, తెలిసికొన్నవాని హృదయమునందే పుట్టినదని ఆ మౌనము తెలుపుచున్నదని నేననుకొందును.

అప్పుడు వరుణుడేమన్నాడు? తప్పనలేదు. ఒప్పనియు అనలేదు. తపస్సుచేత తెలిసికొనగోరుము, తపస్సే బ్రహ్మమని మాత్రమన్నాడు. భృగువు మరల పోయి ప్రాణమని తెలిసికొని వచ్చినాడు. తండ్రి అదే మాట అన్నాడు. మనస్సని వచ్చినాడు, విజ్ఞానమని వచ్చినాడు. ప్రతిమారును అదే మాట, అక్షరభేదమైనను లేని మాట. పారాయణము చేయునప్పుడు ఈ ఆవృత్తి మొదట యాంత్రికముగా తోచును. నాలుగవ పర్యాయము వచ్చునప్పటికి, తండ్రి ఎంత నిగ్రహముతో ఆ మాటను పలుకుచున్నాడో కంఠమునకే తెలియును. కుమారుడు ఒక మెట్టు దిగువన ఆగిపోయినాడని తెలిసియు, పైమెట్టు పేరు చెప్పక ఊరకుండుట సామాన్యమైన నిగ్రహము కాదు. సంతానము గలవారెవ్వరికిని దాని బరువు నేను వివరింపనక్కరలేదు. అయిదవ పర్యాయము భృగువు ఆనందమే బ్రహ్మమని తెలిసికొన్నాడు. అటుపిమ్మట అతడు తిరిగి వచ్చినట్లు ఉపనిషత్తు చెప్పలేదు. తండ్రి ఆ సమాధానమును ఆమోదించినట్లును చెప్పలేదు. భృగువు ఎరిగినది, వరుణుడు బోధించినది అని ఇరువురి పేరను ఆ విద్యను కీర్తించి, అది పరమవ్యోమమునందు ప్రతిష్ఠితమైనదని మాత్రము పలికి ఊరకున్నది.

దీని తరువాతి అనువాకములను చాలమంది వ్యాఖ్యాతలు వేగముగా దాటిపోవుదురు. నాకు మాత్రము ఈ వల్లియందలి ఔదార్యమంతయు అచ్చటనే యున్నదని తోచును. ఆనందమువరకు ఎక్కిన పిదప, మొదట దాటివచ్చిన అన్నమును గూర్చి ఉపనిషత్తు మూడు వ్రతములను విధించుచున్నది: అన్నమును నిందింపరాదు, అన్నమును త్రోసిపుచ్చరాదు, అన్నమును సమృద్ధిగా చేయవలయును. నాలుగవదిగా, ఆశ్రయము కోరి యింటికి వచ్చినవానిని కాదనరాదని చెప్పి, అతనికై అన్నమును సిద్ధపరచుకొనుమన్నది. భృగువుయొక్క తొలి సమాధానము కడపటి సమాధానముచేత కొట్టివేయబడలేదు, గౌరవింపబడినది. విచారణలో ముందునకు సాగినవాడు తాను నిన్న నిలిచిన తావును, ఇప్పటికిని అచ్చటనే నిలిచియున్న పొరుగువానిని తృణీకరింపరాదను మర్యాద ఇందులో కలదు. స్వేచ్ఛను గూర్చి మాటలాడువారికి ఈ మర్యాద ఎంత అవసరమో నేటి వాదప్రతివాదములు చూచువారికి తెలియకపోదు.

అయితే ఇది ఎవరికి తోచినది వారు నమ్మవచ్చునను సులభమైన స్వేచ్ఛ కాదు. ఎవరి దారి వారిది, అన్నియు ఒక్కటియే అనెడి మాట మన సంభాషణలలో ఎంత ధారాళముగా దొర్లుచున్నను, అందులో చాలసార్లు అలసత్వమే కనబడుచుండును. భృగువు ప్రతిమారును తపస్సు చేసినాడు. తపస్సనగా ఇచ్చట శరీరమును శుష్కింపజేయుట కాదనియు, మనస్సును ఇంద్రియములను ఏకాగ్రము చేయుటయే పరమమైన తపస్సనియు శంకరులు స్మృతివాక్యమును ఆధారముగా గొని నిర్ణయించినారు. లక్షణమిచ్చినవాడు తండ్రి, పరీక్షించినవాడు కుమారుడు. ఆ పరీక్షలో ఇష్టముతో గాని, అభిమానముతో గాని, అలసటతో గాని నిమిత్తము లేదు. తనకు దొరికిన సమాధానమునందు తానే లోపమును చూచి, దానిని విడిచి మరల మొదటి ప్రశ్నకు రాగలవానికే ఈ స్వేచ్ఛ భోగ్యము. స్వరమునందలి నిర్బంధము అందుకు తగిన శిక్షణయేమో యని నాకు తోచుచుండును: ఒక్క అనుదాత్తము జారినదని మొదటినుండి చెప్పుటకు అలవాటుపడిన చిత్తము, తన సిద్ధాంతము జారినదని తెలిసినప్పుడును మొదటికి రాగలదు.

ఇదే ఉపనిషత్తులోని శీక్షావల్లియందు, అధ్యయనము ముగించి ఇంటికి పోవుచున్న శిష్యునికి ఆచార్యుడు, తమ నడవడిలో మంచివైనవానినే అనుసరింపుమనియు ఇతరములను అనుసరింపవలదనియు చెప్పుట ప్రసిద్ధము. గురువునందలి మంచిచెడ్డలను వేరుచేయు అధికారమును గురువే శిష్యునికి అప్పగించినాడు. గురుభక్తిపేర విచక్షణను విడిచిపెట్టుమని బోధించువారు ఈ అనువాకమును ఎట్లు చదువుదురో నాకు దుర్గ్రాహ్యముగనే యున్నది.

శబ్దము ఒక్కటియైనను అర్థనిర్ణయమునందు మన ఆచార్యులు ఎంత దూరము పోయినారో చూడవలెనన్నచో ఆనందశబ్దమునే తీసికొనవచ్చును. ఆనందవల్లిలో చెప్పబడిన ఆనందమయుడు పరబ్రహ్మమా, లేక అన్నమయాదులవలె ఒక కోశమా అనునది వివాదము. బ్రహ్మసూత్రములలో మొదటి అధ్యాయపు మొదటి పాదమున దీనికొక అధికరణమే కలదు. శంకరులు ఆ సూత్రములకు, ఆనందమయుడు పరబ్రహ్మమేయను పూర్వవ్యాఖ్యానమును మొదట సాకల్యముగా వ్రాసి, పిదప తమ అసమ్మతిని తెలిపి, ఆనందమయము కోశమేయనియు, దానికి పుచ్ఛముగా, ప్రతిష్ఠగా చెప్పబడినదే బ్రహ్మమనియు వేరొక నిర్ణయమును నెలకొల్పినారు. శ్రీభాష్యమున రామానుజులు దీనిని అంగీకరింపక ఆనందమయుడు పరమాత్మయేయని స్థాపించినారు. వెలనాటి తెలుగు కుటుంబమున జన్మించిన వల్లభాచార్యులు శుద్ధాద్వైతమను మరియొక మార్గమును తీర్చినారు. వీరిలో ఎవ్వరును ఒక్క స్వరమును మార్చలేదు, ఒక్క పదమును తొలగింపలేదు. ఒకరినొకరు ఖండించుకొన్నారు, తీవ్రముగనే ఖండించుకొన్నారు. ఖండించుటకు ముందు ఎదుటివాని పక్షమును అతడు చెప్పుకొనగలిగినంత బలముతో తామే చెప్పవలెనను నియమమును ఉత్తములైనవారు పాటించినారు. విజయనగర కాలపు మాధవాచార్యుడు సర్వదర్శనసంగ్రహమును చార్వాకమతముతో ప్రారంభించి, దేవుడు లేడు, పరలోకము లేదను ఆ మతమునకు మొదటి అధ్యాయమే ఇచ్చినాడు.

సాంఖ్యకారికలలో ఈశ్వరునికి స్థానము లేదు. వేదమునకై ప్రాణమిచ్చునదిగా చెప్పుకొను పూర్వమీమాంసలో కుమారిలభట్టు జగత్కర్తయైన ఈశ్వరుని నిరాకరించినాడు. న్యాయమున ఉదయనుడు ఆ ఈశ్వరునే సాధించుటకు కుసుమాంజలిని రచించినాడు. వీరందరును ఆస్తికులుగనే పరిగణింపబడిరి. శంకరులు గీతాభాష్యపు కడపటి భాగమున, ప్రత్యక్షవిరుద్ధమైనదానిని శ్రుతియే చెప్పినను ఆ విషయమున అది ప్రమాణము కాజాలదని, అగ్నియొక్క వేడిమిని దృష్టాంతముగా గైకొని చెప్పుటకు వెనుదీయలేదు. శ్రుతిని సర్వోన్నత ప్రమాణముగా నెత్తిన పెట్టుకొన్నవాడే ఈ మాట అనగలిగినాడని మరువరాదు.

ఇంతవరకు వ్రాసి ఆగినచో నేను పాఠకులకు సగము సత్యమునే చెప్పినవాడనగుదును. ఈ స్వేచ్ఛ అందరిదిగా ఉండలేదు. జనకుని సభలో గార్గి ఒకదానిపై నొకటిగా ప్రశ్నించుకొనుచు పోగా, ఇంతకు మించి అడిగినచో నీ తల పడిపోవునని యాజ్ఞవల్క్యుడు హెచ్చరించినాడు. ఆమె ఊరకుండి, సభానుమతితో మరల లేచి మరి రెండు ప్రశ్నలు వేసినదను సంగతి మనకు గర్వకారణమే, కాని ఆ హెచ్చరికయు ఉపనిషత్తునందే యున్నది. బ్రహ్మసూత్రములలోని అపశూద్రాధికరణమున, శంకరులు శూద్రులకు వేదపూర్వకమైన విద్యాధికారము లేదని సమర్థించి, వారికి ఇతిహాసపురాణములను విడిచినారు. శంకరులయందు నాకు గల భక్తి అల్పమైనది కాదు; అయినను ఆ అధికరణమును చదివినప్పుడెల్ల నా మనస్సు క్షోభించును. అన్నము బ్రహ్మమని తెలిసికొనుటకు తపస్సు చాలునన్న వల్లి, ఆ అన్నమును పండించువాని చెవికి చేరకుండ శతాబ్దములు కావలి కాయబడినది. ఇది అన్యాయము, దీనికి దేశకాలములను చెప్పి సమాధానపడుట నాకు చేతకాదు.

అయినను విచారణ ఆగలేదు. పాఠశాల తలుపు మూయబడినవారు తెలుగులోనే తమ విచారమును సాగించినారు. 1829లో బ్రౌను దొర మదరాసున అచ్చువేయించుటకు చాలముందే వేమన పద్యములు పల్లెలలో నోటినుండి నోటికి సాగుచుండినవి. పరశురామపంతుల లింగమూర్తి రచించిన సీతారామాంజనేయ సంవాదమును ఊరి రామకోవెల అరుగుమీద పెట్టుకొని, పగలంతయు దుక్కిలో ఉండి వచ్చినవారు పంచీకరణమును గూర్చి, దృగ్దృశ్యవివేకమును గూర్చి రాత్రి ప్రొద్దుపోవువరకు తర్కించుట ఒకప్పుడు తెలుగుపల్లెలలో వింత కాదు. ఏకతార మీటుకొనుచు తత్త్వములు పాడువాడు ఒక చరణము ముగించి, దీని గుట్టు విప్పుమని ఎదుటివానిని అడుగును. తెలియనివాడు తెలియదనును, తెలిసినదనుకొన్నవాడు చెప్పును, మూడవవాడు కాదనును. భృగువు తండ్రియొద్దకు మరల మరల పోవుటకును దీనికిని నాకు భేదము కనబడదు.

బొబ్బిలి సమీపమునందలి కలువరాయిలో 1878లో జన్మించిన అయ్యలసోమయాజుల గణపతిశాస్త్రి, నవద్వీపపు పండితసభలో కావ్యకంఠ బిరుదము పొందిన మహాపండితుడు, మంత్రజపములలో యౌవనమంతయు గడపినవాడు, 1907 నవంబరులో అరుణాచలముపై విరూపాక్షగుహలో నున్న యువమౌనిని సమీపించి అడిగిన ప్రశ్న ఏమి? శాస్త్రములు చదివితిని, జపము చేసితిని, తపస్సనగా ఏమో మాత్రము తెలియలేదని. వరుణుడు భృగువునకు నాలుగుమారులు చెప్పి ఒక్కమారైనను వివరింపని మాట అదియే. నేను అను తలపు ఎచ్చటినుండి పుట్టుచున్నదో పరిశీలింపుమనియు, మంత్రము జపించునప్పుడు దాని నాదము ఎచ్చట పుట్టుచున్నదో చూడుమనియు ఆ మౌని బదులిచ్చినాడు. ఆయనకు భగవాన్ శ్రీ రమణమహర్షి యని పేరు పెట్టినవాడు గణపతిశాస్త్రియే. ఇంత గురుభావము గలవాడై యుండియు, ఆయన తన శక్త్యుపాసనను విడువలేదు, ఉమాసహస్రమును రచించినాడు, 1936లో దేహము చాలించువరకు తనదైన మార్గముననే సాధన చేసినాడు. రమణులు ఆయనను మార్చుటకు యత్నింపలేదు, దూరము చేయనూ లేదు.

గణపతిమునిగా పేరొందిన ఈ శాస్త్రి సంస్కృతమున కూర్చిన రమణగీత 18 అధ్యాయములును చాలవరకు ప్రశ్నోత్తరములే. 1917 నాటి ప్రశ్నలలో ముని భార్యయైన విశాలాక్షమ్మ అడిగినది కలదు: సంసారములో విఘ్నములు కలిగిన స్త్రీలు సన్న్యసించుటకు శాస్త్రము అంగీకరించునా, జీవన్ముక్తురాలైన స్త్రీ దేహమును దహింపవలెనా, సమాధి చేయవలెనా యని. పక్వురాలైన స్త్రీ సన్న్యాసమునకు శాస్త్రములో నిషేధము లేదనియు, ముక్తియందును జ్ఞానమునందును స్త్రీపురుష భేదము లేదు గావున ఆమె దేహమును దహింపరాదనియు మహర్షి ఉత్తరమిచ్చినారు. 1922 మేలో తల్లి అళగమ్మ దేహము చాలించినప్పుడు, ఆమెకు కొండ దిగువను సమాధియే జరిగినది. నేటి మాతృభూతేశ్వరాలయము దానిపై నిలిచినదే. ఒక గృహిణి అడిగిన ప్రశ్నకు వచ్చిన సమాధానము అయిదేండ్లలో ఆచరణమైనది.

ఈ కాలమున ప్రశ్నించినవానిని ద్రోహియని వెలివేయువారు ఒకవైపునను, ప్రశ్నించుట తప్ప తపస్సు ఎరుగనివారు మరియొకవైపునను పెరుగుచున్నారు. మొదటివారు సంప్రదాయమును రక్షించుచున్నామని తలంచుచున్నారు గాని, వారు రక్షింపబూనిన గ్రంథములోని తండ్రి కుమారుని ఒక్కమారైనను గద్దింపలేదు. రెండవవారు అయిదుమారులు పోయి వచ్చుటకు సిద్ధముగా లేరు. వీరిద్దరిలో మొదటివారివలననే ఎక్కువ హాని కలదని నా నిశ్చయము. ఓపికలేని ప్రశ్న నేడు కాకున్న రేపు ఓపికను నేర్చుకొనవచ్చును, నోరు మూయబడిన ప్రశ్నకు ఆ అవకాశమే ఉండదు.

వేదపాఠశాలలు నడుపుచున్న పెద్దలకు నాదొక మనవి. స్వరమునందు మీరు చూపుచున్న కాఠిన్యమును అణుమాత్రమును సడలింపవలదు. కాని భృగువల్లి సంత ముగిసిన నాడే, 82 పన్నములు పూర్తి యగువరకు వేచియుండక, పిల్లలను కూర్చుండబెట్టి అర్థము అడుగుటకు ఒక గంట కేటాయింపుడు. ఆ గంట ఆ వీధిలోని ఆడపిల్లలకును, ఇతర కులముల పిల్లలకును తెరచియుంచుడు. వారు అడిగినదానికి సమాధానము తెలిసినచో చెప్పుడు, తెలియనిచో తెలియదని చెప్పుడు. వారు తెచ్చిన సమాధానము మీకు నచ్చనప్పుడు మాత్రము, వరుణుడు చెప్పిన మాట చెప్పి మరల పంపుడు.